బేసి పరుగు

ప్యాడ్లు కట్టుకుని కూర్చుని చాలాసేపయింది, ఇంకా పిలుపు రాలేదు. మూడో నంబరులో ఆడేవాళ్ళ బతుకే అంత. మొదటి జంటలో ఒకరు ఔటయ్యేదాకా, ఆకు వేసి వడ్డించకుండా కూర్చోబెట్టిన పెళ్ళివారిలా, పట్టీలు బిగించుకుని ఎదురుచూడాలి. కడుపు నిండా నీళ్ళు తాగడానికి లేదు, కాళ్ళు బారజాపడానికి లేదు, పక్కనున్నవాళ్ళు నవ్వుకుంటుంటే వాళ్ళతో కలిసి నవ్వడానికి మనసొప్పదు. వసుధకు ఇదేమీ కొత్త కాదు. కొత్త కానిది ఇంకొకటి కూడా ఉంది, అందుకే ఆమె ఆటను చూడకుండా ఆకాశాన్ని చూస్తోంది. పొద్దున టాసు వేసినప్పుడు హార్సిలీ కొండలు నీలంగా, మడత మడతగా కనిపించాయి. ఇప్పుడు కొండల్లో సగం లేవు. మబ్బు కిందికి దిగి మదనపల్లె వైపే వస్తోంది. వాన పడితే మంచిదే, ఆట ఆగుతుంది, అందరూ బ్యాగులు సర్దుకుని లాడ్జికి పోతారు. కానీ ఇది పడే మబ్బు కాదు. కార్తీకంలో ఈ సీమకు వచ్చే ఈ రకం మబ్బు ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ముసురుకుంటుంది, వెలుతురంతా తాగేస్తుంది, చుక్క మాత్రం రాల్చదు. రైతులు దాన్ని తిడతారు. వసుధ తిట్టడం లేదు, భయపడుతోంది. వెలుతురు తగ్గితే ఆమెకు బంతులు రెండు కనిపిస్తాయి.

ఒకటి నిజమైనది, రెండోది దాని పక్కనే, చేతి వెడల్పు దూరంలో, కాస్త కిందుగా వచ్చేది. రెండింటికీ కుట్లు కనిపిస్తాయి, రెండూ తిరుగుతాయి, రెండూ పిచ్ మీద పడి లేస్తాయి. ఏది తోలు, ఏది గాలి అన్నది బ్యాటుకు తగిలాక గానీ తెలియదు. ఏడేళ్ళుగా ఆమె అలా ఆడుతోంది. ఎవరికీ తెలియదు. కన్నతల్లికి తెలియదు, రైల్వే డాక్టరుకు తెలియదు, ఇప్పుడు అవతల షామియానా కింద కూర్చుని ఈ పూట పరుగులు చేసినవాళ్ళను దేశం జట్టు క్యాంపుకు పిలవబోతున్న సెలెక్టర్లకు అసలే తెలియదు. ఈ రోజు ఆడితే క్యాంపు, ఆడకపోతే ఇరవయ్యేడేళ్ళ మనిషికి ఇంకోసారి పిలుపు రాదు. అది భయమే. కానీ అసలు భయం అది కాదు. ఇందాక మునస్వామి సారు వచ్చి, చిన్నప్పుడు పుంగనూరు బళ్ళో ఆట నేర్పించిన ఆ సారే, రిటైరై జుట్టంతా నెరిసినా ఈల మాత్రం మెడలో వేలాడదీసుకునే తిరుగుతున్న సారు, చెవి దగ్గరికి వంగి ఒక మాట చెప్పిపోయాడు. "అమ్మా వసుధా, ఎవురొచ్చినారో సూసినావా? కృష్ణవేణి వచ్చుండాది. కుప్పం నుంచి పొద్దున్నే బస్సెక్కిందంట. గోడ పక్కన కుర్చీలో కూర్చోనుంది సూడు."

చూడలేదు. చూడకుండానే తెలుస్తోంది, కుడి భుజం వైపు ఎవరో పొయ్యి అంటించినట్టు ఆ పక్కంతా వేడిగా ఉంది. ఏడేళ్ళలో కృష్ణవేణి ఒక్క మ్యాచికీ రాలేదు, టీవీలో క్రికెట్ వస్తే లేచి వంటింట్లోకి పోతుందని ఎవరో చెప్పారు. రానిది ఈ రోజే ఎందుకు వచ్చింది, ఈ మబ్బు రోజునే ఎందుకు రావాలి, రావాలనుకుంటే మొన్న ఎండ కాసిన రోజున రాకూడదా, మొన్న డెబ్భై కొట్టింది కదా. ఈమె ముందు బంతి తప్పిపోతే, ఈమె చూస్తుండగా గాలిని కొట్టి నిజం బంతికి వికెట్ ఇచ్చేస్తే, ఏడేళ్ళుగా కట్టుకుంటూ వచ్చినదంతా ఒక్క దెబ్బకు కూలిపోతుంది, కృష్ణవేణికి తెలిసిపోతుంది. క్యాంపు పోతే పోయింది. కృష్ణవేణికి తెలియకూడదు.

ఎవరు నమ్ముతారు గానీ, ఈ ఆట మొదలుపెట్టింది కృష్ణవేణే. పుంగనూరులో దొరస్వామి శెట్టి గారి బెల్లం మండీ అంటే అందరికీ తెలుసు, ఆయన రెండో కూతురు, తెల్లగా, బొద్దుగా, పరుగెత్తితే రొప్పేది, కానీ బంతి వస్తుంటే ఆ కళ్ళు ఎంత స్థిరంగా ఉండేవి. వసుధది పెద్దపంజాణి దగ్గర పల్లె, వేరుశనగ, మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు. హైస్కూలుకు బస్సులో వచ్చేది. మధ్యాహ్నం అన్నం బెల్లులో మగపిల్లలు ఆడుతుంటే బంతి వచ్చి ఇద్దరి మధ్య పడింది. వసుధ తీసి విసిరింది, అవతల స్టంపు ఎగిరిపోయింది. ఏదో పొరపాటున తగిలిందిలే అని నవ్వారు. ఇంకోసారి విసరమన్నారు, ఇంకోసారి తగిలింది. మగపిల్లలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కృష్ణవేణి మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని, "సార్, ఈ పిల్ల ఉంటే నేను కూడా ఆడతా" అంది, ఏదో షరతు పెట్టినట్టు. మునస్వామి సారు పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు, ఆ ఎండ, స్కూలు గోడకు బొగ్గుతో గీసిన వికెట్లు, కార్కు బంతి తగిలి మొదటిసారి బ్యాటు నడిమధ్యన ఆ చప్పుడు, మోచేతుల దాకా పాకిన ఆ తియ్యని జిల్లు, అదంతా ఎక్కడికి పోయింది? పోలేదు, ఉంది, దాని మీద ఇంకేదో పేరుకుపోయింది.

మైదానంలో చప్పట్లు. ఫోరా? ఫోరే. పక్కన కూర్చున్న పిల్లలు అరుస్తున్నారు. నాలుగు, సరి. ఇప్పటికీ ఆమె మనసు పరుగులను సరి, బేసి అనే లెక్కపెడుతుంది. తొంభై ఏడులో చిత్తూరు జిల్లా ఆడపిల్లల జట్టుకు ఉన్నది ఒకే ఒక్క హెల్మెట్. ఎవరో మగ ఆటగాడు వాడి పారేసింది, లోపల స్పాంజి ఊడిపోతే సారు భార్య పాత చీర ముక్కలు కుట్టి ఇచ్చింది. ఒకే హెల్మెట్, ఆడేది ఇద్దరు. అందుకని, ఆ జట్టును కూడా చూసుకునే మునస్వామి సారు ఒక పద్ధతి పెట్టాడు. హెల్మెట్ ఉన్నవాళ్ళే ఫాస్ట్ బౌలర్‌ను ఎదుర్కోవాలి, లేనివాళ్ళు రెండో వైపు నుంచి వేసే నిదానం బంతులు ఆడుకోవాలి. ఈ లెక్క తప్పకుండా ఉండాలంటే ఒంటి పరుగు తీయకూడదు. రెండు తీయొచ్చు, నాలుగు కొట్టొచ్చు, ఒకటి, మూడు మాత్రం వద్దు. "సరి పరుగులే మన పరుగులు. బేసి పరుగు తీసినారంటే ఈల ఊది ఆడనే నిలబెడతా" అనేవాడు. తేలిగ్గా వచ్చే ఒంటి పరుగును వదిలేసి ఇద్దరూ కదలకుండా నిలబడితే అవతలి జట్లు పగలబడి నవ్వేవి. చిత్తూరు పిల్లలకు ఒకట్లు లెక్కపెట్టడం రాదంట అని అనంతపురం వాళ్ళు పాట కట్టారు. చేతికొచ్చిన పరుగులు ఎన్ని వదిలేశారో, ఎన్ని మ్యాచిలు ఆ రెండు మూడు పరుగుల తేడాతో పోయాయో. అయినా ఎవరూ ఆ పద్ధతి తప్పలేదు. తలలు పగలకుండా ఇళ్ళకు చేరాలి కదా, ఆడపిల్లలను ఆటకు పంపడమే గొప్ప, దెబ్బ తగిలి ఇంటికొస్తే మళ్ళీ గడప దాటనిస్తారా?

కుప్పం, ఆ రోజు. పలమనేరు, వీకోట మీదుగా బస్సులో పోతూ దారిపొడవునా పాటలు పాడారు. ఫైనలు, అవతల కోలారు వాళ్ళు, వాళ్ళకొక పొడుగాటి బౌలరు, మ్యాటు మీద బంతిని గుండెల దాకా లేపేది. హెల్మెట్ కృష్ణవేణికి. పొద్దుగూకుతోంది, గెలుపు దగ్గరికొచ్చింది, ఇందాక తీసిన రెండులో ఒకటి గీత తాకలేదని అంపైరు కొట్టేయడంతో కృష్ణవేణి నలభై తొమ్మిది మీద ఉంది. ఆ రోజుల్లో ఆడపిల్ల యాభై కొట్టిందంటే పేపర్లో జిల్లా పేజీలో పేరు వేసేవాళ్ళు. దొరస్వామి శెట్టి ఆటకు వ్యతిరేకి, పేపరు మాత్రం తప్పకుండా చదువుతాడు, ఆ పేరు చూస్తే ఇంకో ఏడాది ఆడనిస్తాడు, ఇదంతా వసుధకు తెలుసు. ఓవరులో ఇంకా ఒక బంతి మిగిలుంది అనగా, కృష్ణవేణి కొట్టిన బంతి వికెట్ల వెనక్కి జారింది. వెనక్కి పోయిన బంతికి పరుగు పిలవాల్సింది అవతలి వైపున్న మనిషి. అంటే వసుధ. నోరు తెరిచి "రా వేణీ" అని పిలిచింది వసుధే. కృష్ణవేణి ఒక్క క్షణం ఆగింది, తల అడ్డంగా ఊపబోయింది కూడా. కానీ వసుధ అప్పటికే సగం దూరం వచ్చేసింది, రాకపోతే రనౌటు. పరుగెత్తింది. యాభై. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషల వాళ్ళూ ఉంటారు, మూడు భాషల్లోనూ చప్పట్లు కొట్టారు. కృష్ణవేణి హెల్మెట్ పట్టీ విప్పుతూ, "ఆగు, ఇస్తా, పెట్టుకో" అని రాబోతుంటే, అంపైరు విసుక్కున్నాడు, వెలుతురు పోతోంది తొందరగా కానివ్వండి అన్నాడు. వసుధ చెయ్యి ఊపింది. "ఒక్క బంతే గదా, ఉండనీలే" అంది. ఒక్క బంతే.

ఆ బంతి ఆమె చూడలేదు. ఎంత తవ్వినా అక్కడ ఏమీ లేదు. బౌలరు చెయ్యి పైకి లేచింది, ఆ తరువాత గరిక వాసన, నోట్లో ఇనుప రుచి, ఎవరిదో ఏడుపు. ఏడుస్తున్నది కృష్ణవేణి. ఆసుపత్రిలో ఎడమ కనుబొమ్మ కింద కుట్లు వేశారు, వాపు తగ్గాక పెద్ద ఊళ్ళో కంటి డాక్టరుకు చూపించుకోమన్నారు. కన్ను ఉబ్బి మూసుకుపోయింది. కృష్ణవేణి మంచం పట్టె మీద కూర్చుని, కుడి చేతి వేళ్ళు ముఖం ముందు పెట్టి, "ఇవి ఎన్ని మే, సెప్పు, ఇవి ఎన్ని?" అని పిచ్చిదానిలా అడుగుతూనే ఉంది. వాపు తీసి రెప్ప కాస్త విచ్చుకున్న రోజున కూడా అదే అడిగింది. వసుధకు నాలుగు వేళ్ళు కనిపించాయి. కృష్ణవేణి ఎప్పుడూ రెండు వేళ్ళే చూపిస్తోందని తెలుసు కాబట్టి, "రెండు" అంది. కృష్ణవేణి ఆ చెయ్యి అలాగే నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది, "దేవుడు నన్ను కాపాడినాడు వసూ, నీకేమన్నా అయ్యుంటే నేను ఆ యాభై మొహాన పెట్టుకుని బతకలేను" అంది. ఆ మాట విన్నాక ఇంకెవరు నిజం చెబుతారు? పిలిచింది నేను కదే, పరుగు నాది కదే అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదు. కాబట్టి కంటికేమీ కాలేదు. అంతే. ఏమీ కాలేదంటే కాలేదు.

ఇంటి దగ్గర ఆ వారమంతా పురుగులు, పొర విడిచే నిద్రను జ్వరమంటారు, నాలుగో జ్వరం నుంచి లేచి ఆకు మీద పడ్డాయి. ఆ దశలో షెడ్డులో నిలబడితే వాన కురుస్తున్నట్టే ఉంటుంది, వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరికే చప్పుడు. అమ్మ అమరావతి మల్బరీ రెమ్మలు పరుస్తుంటే వసుధ కూడా పరిచింది. షెడ్డులో వెలుతురు తక్కువ, పురుగులకు ఎండ పనికిరాదు. తట్టలో ప్రతి పురుగు పక్కనా ఇంకో పురుగు, దాని మీద పడి పాకుతూ, ఒకదాన్నొకటి తింటున్నట్టుగా. ఒక కన్ను మూసింది, సగం పురుగులు మాయమయ్యాయి. తెరిచింది, మళ్ళీ వచ్చాయి. మూసింది, తెరిచింది. "యాల మే అట్ల కన్ను కొడతాండావు?" అని అమ్మ అడిగింది, "దుమ్ము పడినట్టుండాది" అంది వసుధ. అమ్మ పైట కొంగుతో ఊదింది. ఆ ఊపిరి వెచ్చగా తగిలి ఏడుపొచ్చింది, దుమ్ము పోయిందని అమ్మ అనుకుంది. ఇప్పటికీ లాడ్జీ గదుల్లో, రైల్లో పై బెర్తు మీద, కళ్ళు మూసుకుంటే ఆ వాన చప్పుడే వినిపిస్తుంది, ఏదో తన లోపల కూర్చుని తీరిగ్గా ఆకు తింటున్నట్టు. తింటున్నది ఎవరు, తిన్నది ఏమిటి అని ఆమె ఎప్పుడూ తనను తాను అడగలేదు.

మరి ఎలా ఆడింది? ఆడింది, అదే చిత్రం. తలను ఎడమ భుజం వైపు వంచి, గడ్డం కాస్త లోపలికి లాక్కుంటే, మంచి ఎండలో రెండు బంతులూ జరిగి జరిగి ఒకటవుతాయి. అది కనిపెట్టడానికి ఆరు నెలలు పట్టింది, గోడకు బంతి కొట్టుకుంటూ ఒంటరిగా కనిపెట్టింది. కొత్త స్టాన్సు బాగుందే అన్నారు కోచులు. రైల్వే వాళ్ళు ట్రయల్సులో చూసి ఉద్యోగం ఇచ్చారు, వైద్య పరీక్షలో డాక్టరు ఒక్కో కన్నూ మూసి అక్షరాలు చదివించాడు. ఒక్కో కన్నుతో చూస్తే ఆమె చూపుకు ఏ లోపమూ లేదు, గడగడా చదివేసింది. రెండూ తెరిచి చదవమని ఎవరూ అడగలేదు. రాష్ట్రం, జోను, పేపర్లో ఫోటోలు. ఎక్కడ సెంచరీ కొట్టినా మొదట వచ్చే ఆలోచన ఒకటే, కుప్పంలో ఈ పేపరు వస్తుంది, కృష్ణవేణి చదువుతుంది, నాకేమీ కాలేదని ఇంకో రోజు నమ్ముతుంది. మబ్బు పట్టిన రోజుల్లో కడుపు నొప్పి అంటుంది, మూడో నంబరులో కాక కిందికి దిగి ఆడతానంటుంది, ఒక్కోసారి తెలిసి తెలిసి చెత్త షాటు కొట్టి ఔటై వచ్చేస్తుంది. నిర్లక్ష్యం అని రాశారు ఒకసారి. నవ్వొచ్చింది. పోయిన ఏడాది కర్నూలులో క్యాంపుకు పోతే, అక్కడ చిన్నపిల్లలు వరుసగా నిలబడి బ్యాటింగు చేస్తున్నారు, అందరి తలలూ ఎడమకు వంగి ఉన్నాయి, గడ్డాలన్నీ లోపలికి. "మేడం, మీ మాదిరే" అన్నారు సంబరంగా. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

కృష్ణవేణి మళ్ళీ బ్యాటు పట్టుకోలేదు. పట్టుకో అని వసుధ పుంగనూరు మండీకి పోయి బతిమాలింది, నాకేమీ కాలేదు కదే, చూడు, ఆడుతున్నా కదా అంది. కృష్ణవేణి బెల్లం దిమ్మెల మధ్య నిలబడి, "నువ్వు ఆడు వసూ, నేను సూస్తా" అంది, కానీ చూడ్డానికి రాలేదు. తొంభై తొమ్మిదిలో పెళ్ళి, కుప్పంలో బట్టల అంగడి భానుప్రకాశ్‌తో. ఊళ్ళన్నీ వదిలి కుప్పమే దొరికిందా అనిపించింది వసుధకు. పుంగనూరులో తెల్లారుజాము ముహూర్తానికి పోయింది, పక్కనే నిలబడింది, నవ్వింది, భోంచేసింది, వచ్చేసింది. ఆ తరువాత ఏడాదికొకసారి, రెండేళ్ళకొకసారి, ఎవరి పెళ్ళిలోనో బస్టాండులోనో, బాగుండావా అంటే బాగుండా. అంతే. ఒకే జంటగా ఆడినవాళ్ళు అలా అయిపోయారు.

"వసూ."

కుడి పక్కన ఎవరో. గంధం పూసుకున్న వాసన, దాని కింద సన్నగా బెల్లం వాసన, పుట్టింటి వాసన పోతుందా ఎవరికైనా. కృష్ణవేణి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది, ఆకుపచ్చ చీర, కాస్త లావైంది, జుట్టులో ఒక వెంట్రుక తెల్లబడింది. వసుధ తల తిప్పకుండా బౌలరునే చూస్తున్నట్టు నటించింది.

"ఇంత దూరం యాల వచ్చినావు వేణీ, ఫోన్ చేసుంటే నేనే కుప్పం వచ్చుందును గదా."

"నువ్వు రావు. ఏడేండ్లలో కుప్పం వచ్చినావా ఎప్పుడన్నా?" అంది కృష్ణవేణి. మబ్బును చూసింది, మైదానాన్ని చూసింది, మళ్ళీ మబ్బును చూసింది. "ఇట్లాంటి వెలుతురులో ఇంకా రెండు కనపడతాండాయా నీకు?"

వసుధ చేతుల్లో గ్లౌజులు బిగుసుకున్నాయి. ఏం రెండు, ఏం మాటలివి, పిచ్చి పట్టిందా నీకు అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఎవురు సెప్పినారు?"

"ఎవురూ సెప్పలా. నా పెండ్లిలో నువ్వు నాకు బొట్టు పెట్టినావు సూడు. నొసట పెట్టాల్సింది కనుబొమ్మ పైన పెట్టినావు. సుట్టూ ఉండేవాళ్ళు నవ్వినారు, నిద్రమొహం పిల్ల అన్నారు, నువ్వు కూడా నవ్వితివి. నాకు ఆడనే కాళ్ళు సేతులు ఆడలా. తాళి కట్టే వరకూ అదే ఆలోచన."

"మరి అడగలేదే?"

"ఎట్ల అడిగేది? నువ్వు దాచిపెట్టేది నా కోసరమని తెల్సు. నాకు తెలిసిపోయిందని నీకు తెలిస్తే, నువ్వు పడిన కష్టమంతా యాడికి పోవాల? అందుకే నేను కూడా తెలీనట్టే ఉంటిని." కృష్ణవేణి వసుధ వైపు తిరిగింది. "పేపర్లో నీ పేరు పడితే అందరూ పరుగులు సూస్తారు. నేను దెబ్బ తగిలిందేమో అని సూస్తా. ప్రతి దినమూ. సెంచరీ కొట్టినావంటే, అబ్బ, ఈ పూటకు తగల్లేదు అనుకుంటా. నాతో ఇంక కాదు వసూ. నువ్వు ఆడే ప్రతి బంతీ వచ్చి నా ఇంట్లో పడతాండాది."

"ఆడొద్దంటాండావా?"

"ఆడొద్దనలా. నీ కాళ్ళు మొక్కుతా, నా కోసరం మాత్రం ఆడొద్దు."

మైదానంలో ఒక్కసారిగా కేక. స్టంపు పడిన చప్పుడు ఆ కేక కంటే ముందే వినిపించింది. మైదానంలో రెండో చివర ఆడుతున్న కెప్టెన్ రూప అక్కడి నుంచే "వసుధక్కా, నువ్వే" అని అరిచింది. వసుధ లేచింది, కాళ్ళు లేచాయి, ఇన్నేళ్ళ అలవాటు మనసును అడగదు. హెల్మెట్ తలకు పెట్టుకుంది, ఇప్పుడు అందరికీ ఎవరిది వాళ్ళకుంది. వెనక్కి తిరిగి చూడకుండా గీత దాటి నడిచింది. గడ్డి తడిగా ఉంది. ఔటైన పిల్ల ఎదురొస్తూ, "అక్కా, బంతి బాగా ఎగరతాండాది, చూసుకో" అంది. చూసుకోవాలి. ఏం చూసుకోవాలి? ఎవరికి చూపించాలని ఏడేళ్ళు చూసుకుందో ఆ మనిషికి పెళ్ళినాడే తెలిసిపోయిందట, తెలిసీ పేపరు ముందు పెట్టుకుని ప్రతి ఉదయం ఒంటరిగా వణికిందట. ఇటు ఈమె అబద్ధం, అటు ఆమె అబద్ధం. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకోవడం మాని పక్కపక్కన కూర్చుని ఏడ్చి ఉంటే, ఒక రోజులో తీరిపోయేది కదా. కోపం వచ్చింది వసుధకు, ఎవరి మీదో తెలియదు. గుండె బరువుగా ఉంది, కానీ నడక మాత్రం తేలికగా ఉంది, ఎందుకో అర్థం కాలేదు.

లెగ్ స్టంప్ గార్డు అడిగింది. అంపైరు ఓబులేసు, సదుం బళ్ళో డ్రిల్లు మాస్టరు, నిదానస్తుడు, వేలు కదిపి చూపించాడు. చుట్టూ ఫీల్డర్లు దగ్గరికి జరిగారు. షామియానా కింద సెలెక్టర్లు ముందుకు వంగారు, ఆమె కోసమే వంగారు, ఆ సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది. బౌలరు, జడలకు ఎర్ర రిబ్బను కట్టుకున్న బలమైన పిల్ల, దూరం నుంచి పరుగెత్తుతూ వచ్చింది. వసుధ తల వంచింది, గడ్డం లోపలికి లాక్కుంది. చెయ్యి లేచింది. రెండు బంతులు. బయటిదే నిజమనుకుని దానికే బ్యాటు పెట్టింది, లోపలిది హెల్మెట్ కమ్మీని రాసుకుంటూ కీపరు చేతుల్లోకి పోయింది. ఫీల్డర్లందరూ ఒక్క గొంతుతో "ఓ" అన్నారు. ఎవరో నవ్వారు. ఆమె తెలియకుండానే గోడ వైపు చూసింది, కృష్ణవేణి మళ్ళీ తన కుర్చీకే పోయి మొహాన్ని చేతుల్లో కప్పుకుని కూర్చుని ఉంది.

బౌలరు వెనక్కి నడుస్తోంది. ఇంకా టైముంది. ఈ టైములో ఏమైనా అనుకోవచ్చు. రేపు ఎండ కాస్తే ఒక్క బంతే ఉంటుంది, సెంచరీ కూడా కొట్టొచ్చు, క్యాంపు రావొచ్చు, దేశం టోపీ రావొచ్చు. ఎంత ఇష్టం ఈ ఆట అంటే, నిద్రలో కూడా చేతులు బ్యాటు పట్టుకునే ఉంటాయి. అమ్మకు తెలుసు, ఆ పిడికిళ్ళు లాగి చూసి నవ్వేది. ఇష్టమే. కానీ ఆడుతున్నది ఆ ఇష్టమేనా? ఎన్నాళ్ళయింది బంతిని బంతిగా చూసి? కుప్పంలో ఆగిపోయిన ఆ ఒక్క బంతినే ఏడేళ్ళుగా వేరే వేరే ఊళ్ళలో ఆడుతోంది, దాన్ని కొట్టేస్తే ఏమీ కానట్టే అవుతుందని. అది రాదు. ఎన్ని కొట్టినా రాదు. కర్నూలులో పిల్లలు ఇప్పుడు కూడా తలలు వంచుకునే ఆడుతుంటారు, పాపం, తిన్నగా కనిపించే కళ్ళు పెట్టుకుని.

బౌలరు తిరిగింది, పరుగు మొదలుపెట్టింది. వసుధ ఎడమ చెయ్యి పైకెత్తి పక్కకు జరిగింది. బౌలరు అడుగులు తడబడి ఆగింది, మొహం చిట్లించింది. అంపైరు ఓబులేసు ఆకాశం వైపు చూసి, తల ఊపుకుంటూ దగ్గరికొచ్చాడు.

"వెలుతురు సాలలేదామ్మా? ఇంకొంచేపు ఆడొచ్చనుకుంటిని. పోనీ, మీటరు తెచ్చి సూడమంటావా?"

"వెలుతురు బాగానే ఉండాది సార్. నా కన్నే బాగలేదు. నాకు బంతి రెండుగా కనపడతాండాది."

ఆమె గొంతు పెద్దదే, కీపరు విన్నది, స్లిప్పులో పిల్లలు విన్నారు, పిచ్ అవతలి చివర నుంచి రూప పరుగెత్తుకుంటూ వచ్చి, ఏమంటాండావక్కా అని చెయ్యి పట్టుకుంది. వసుధ ఆ చెయ్యిని మెల్లగా విడిపించుకుంది. ఏడుస్తానేమో అనుకుంది, ఏడుపు రాలేదు. మెడ మాత్రం నొప్పి పుట్టింది, ఇన్నాళ్ళూ వంచి పెట్టిన తల తిన్నగా లేచినందుకు. ఓబులేసు స్కోరర్ల బల్ల వైపు చూశాడు, వాళ్ళకేదో ఒకటి చెప్పాలి కదా.

"రిటైర్డ్ హర్ట్ అని రాయమని సెప్తానమ్మా. దానికి దెబ్బ తగిలుండాల గదా. ఇప్పుడు ఎగిరిన బంతేనా? ఎప్పుడు తగిలింది నీకు దెబ్బ?"

"ఏడేండ్లాయ సార్," అంది వసుధ, "కుప్పంలో." హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, గోడ పక్కన లేచి నిలబడిన కృష్ణవేణి వైపు నడిచింది.